దొర చెవి బిళ్ళ

సోమవారం ఉదయం పదిన్నరకి కంది పొలాల్లో హత్య జరిగింది. హతుడి వయసు ఆరేళ్ళు, బరువు ఆరువందల ఇరవై కేజీలు. పోలీసులు రాలేదు, పత్రికలు రాయలేదు. చూడ్డానికొచ్చిన నలుగురూ "వాగు నీళ్ళు తాగుంటది" అని ఒకే మాట అనేసి వెళ్ళిపోయారు. ఫ్యాక్టరీల విషపు నీళ్ళు పారే ఆ వాగు ఛాయలకే తన ఎద్దు పోలేదని యజమాని నర్సన్న తలమీద చెయ్యిపెట్టుకుని ఒట్టేసినా ఎవరూ చెవిన పెట్టలేదు. ఈ చుట్టుపక్కల గొడ్డు చస్తే కారణం అడగరు. ముక్కు మూసుకుని తప్పుకుంటారు. హంతకుడు నమ్ముకున్నదీ సరిగ్గా దాన్నే.

మొండి పశువైద్యుడొకడు తోక ఎత్తి చూసి సూది గుర్తు పట్టకపోతే కథ అక్కడితో అయిపోయేది.

బుధవారం ఉదయానికి ఆ వైద్యుడి రిపోర్టు పటాన్‌చెరులో ఒక శానిటరీ సామాన్ల దుకాణం పై అంతస్తుకి చేరింది. కింద కమోడ్లు అమ్ముతారు. పైన దేశరక్షణ చేస్తారు. కిటికీలు మూసినా లోపలికి కుళ్ళిన గుడ్ల కంపు వస్తూనే ఉంది.

"కూర్చోండి ప్రసాద్," అంది పద్మావతి. విభాగానికి ఆమే అధిపతి. యాభై ఆరేళ్ళ మనిషి, ఆ కంపులోనూ తీరిగ్గా టీ తాగుతోంది.

ఏజెంట్ దుర్గాప్రసాద్ కుర్చీని రుమాలుతో తుడిచి కూర్చున్నాడు. అతని నాన్న గుడివాడ వైపు నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికి ఇక్కడికొచ్చాడు. దుర్గాప్రసాద్ పుట్టిందీ పెరిగిందీ ఇక్కడి క్వార్టర్స్‌లోనే. అయినా నలభై ఒక్కేళ్ళుగా ఈ గాలి అతనికి అలవాటు కాలేదు. మూడు దేశాల్లో పనిచేసి, రెండుసార్లు చావు తప్పించుకుని తిరిగొచ్చిన మనిషి. అసహ్యం అనేది అతనికి జబ్బులాంటిది. హోటల్లో గ్లాసు కడిగాకే నీళ్ళు తాగుతాడు.

"హతుడు ఎద్దు," అంది పద్మావతి.

"ఎద్దా?"

"ఒంగోలు ఆంబోతు. ఓరోమీట్ అని ఒక విదేశీ కంపెనీ ఉంది. మాంసం కోసం లక్షల పశువుల్ని పెంచుతుంది. వాటి ముత్తాతలు మన ఒంగోలు ఎద్దులే. ఎప్పుడో ఓడలెక్కి వెళ్ళాయి, అక్కడి ఆవులతో కలిశాయి. అందుకే ఎండకి తట్టుకుంటాయి."

"మరి ఇప్పుడేమైంది?"

"కలిసినవే మళ్ళీ మళ్ళీ కలిసి అన్నీ దాయాదులైపోయాయి. ఈనిక తగ్గింది, రోగాలు పెరిగాయి. కల్తీ లేని పాత రక్తం కావాలి."

"కొనుక్కోవచ్చుగా?"

"ఎగుమతికి చట్టం ఒప్పుకోదు. పైగా వాళ్ళకి రక్తం ఉంటే చాలదు. అది ఇంకెవరి దగ్గరా ఉండకూడదు. అందుకని ముందు ఆంబోతు వీర్యం తీసి నైట్రోజన్ క్యాన్‌లో గడ్డకట్టిస్తారు. సరిగ్గా రెండో రోజు దాన్ని చంపేస్తారు. నర్సన్న ఎద్దు దగ్గర శనివారం వీర్యం తీశారు, సోమవారం చంపారు. ఎవడడిగినా వాగు మీదికి తోసేయొచ్చు."

దుర్గాప్రసాద్ కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు. మనుషుల్ని చంపించేవాళ్ళతో భోజనం చేసిన రోజులున్నాయి. వాళ్ళకి కనీసం ఒక కోపమో, కసో ఉండేది. వీళ్ళు పాలు పిండుకుని గిన్నె బోర్లించినట్టు చంపుతున్నారు.

"వాళ్ళకి ఏ ఎద్దు స్వచ్ఛమైందో ఎలా తెలిసింది?"

"ఇక్కడ వృషాంక్ జీనోమిక్స్ అని ఒక ల్యాబ్ ఉంది. జిల్లాలో మూడు వేల పశువుల తోక వెంట్రుకలు తెచ్చి డీఎన్ఏ చూశారు. ఏ పశువులో ఏ జాతి రక్తం ఎంత శాతం ఉందో లెక్క తేల్చారు. ఏ కల్తీ లేని ఆంబోతులు రెండే వచ్చాయి. ఒకటి నర్సన్నది. రెండోది చిట్కుల్లో సంగమ్మ అనే ఆవిడది. చెవి బిళ్ళ నంబరు చివర నాలుగు నాలుగు ఏడు ఒకటి. ఆ లిస్టు బయటికి పొక్కింది. ల్యాబ్‌లో మన మనిషి ఉంది. పేరు సత్యశ్రీ. ఆమెని కలవండి."

"నా వేషం?"

"గోపాలమిత్ర."

ఊరూరా తిరిగి ఆవులకి కృత్రిమ గర్భధారణ చేసేవాడు. భుజం దాకా ప్లాస్టిక్ తొడుగు వేసుకుని ఆ చెయ్యి ఎక్కడ పెట్టాలో తలుచుకుని దుర్గాప్రసాద్ కళ్ళు మూసుకున్నాడు.

పద్మావతి బల్లమీద రెండు వస్తువులు పెట్టింది. ఒకటి చెవుడున్నవాళ్ళు పెట్టుకునే మిషన్. అందులో వైర్‌లెస్ ఉంది. రెండోది మూరెడు పొడవున్న సన్నటి స్టీలు గొట్టం.

"ఇదేంటి మేడమ్?"

"వీర్యం ఎక్కించే గొట్టం. ఆ వృత్తిలో దీన్ని గన్ అంటారు. మనవాళ్ళు స్ప్రింగ్ బిగించారు. మత్తుసూది ఒకటే పడుతుంది. మూడు గజాల దాకా వెళ్తుంది."

"ఇంతకు ముందు దీన్ని ఎవరైనా వాడారా?"

"కడిగించాం," అంది పద్మావతి.

*

బుధవారం మధ్యాహ్నం ఒంటిగంట. కంది దగ్గర హైవే పక్క దాబా. లారీలు నిమిషానికొకటి దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. మూలబల్ల దగ్గర నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్న స్త్రీ ఒక్కతే కూర్చుని ఉంది. వయసు ముప్ఫై మూడు. లేత నీలం చీర, చెవులకి ముత్యాలు. ఆమె చుట్టూ రెండు గజాల మేర మల్లెపూల సెంటు. ఈ ప్రాంతంలో మొదటిసారి దుర్గాప్రసాద్ గుండెనిండా గాలి పీల్చాడు.

"వాగులో చేపలున్నాయా?" అన్నాడు.

"వాగే లేదు, చేపలెక్కడివి?" అంది ఆమె. కోడ్ సరిపోయింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

సత్యశ్రీ ల్యాప్‌టాప్ తెరిచింది. తెరమీద వేల చుక్కలు. "ఒక్కో చుక్క ఒక్కో పశువు. డీఎన్ఏలో యాభై వేల చోట్ల అక్షరాలు చదివి, ఏది ఏ జాతికి దగ్గరో చూస్తాం. ఈ గుంపు జెర్సీ కలిసినవి. ఇవి నాటు గొడ్లు. ఈ మూల రెండే చుక్కలు చూశారా? వీటిలో పరాయి రక్తం చుక్క లేదు."

"చూసి చెప్పలేమా? ఒంగోలు ఎద్దంటే తెల్లగా, మూపురంతో..."

"రూపం మోసం చేస్తుంది ప్రసాద్ గారూ. రైతు అబద్ధం చెప్పొచ్చు. వెంట్రుక చెప్పదు."

"రెండో ఎద్దు దగ్గరికి వాళ్ళెప్పుడు వస్తారు?"

"శనివారం. వీర్యం ఇంకా తీయలేదు. మీరు శనివారం పొద్దున్నే కాపు కాస్తే చాలు." ఆమె బిల్లు మీద చెయ్యేసి, "ఈలోగా కాస్త విశ్రాంతి తీసుకోండి. పాపం, వాసనకి ముఖం వాడిపోయింది," అంది.

అంత మంచి సెంటు వాసనలో, అంత మెత్తటి మాట విన్నాక ఎవడైనా నమ్ముతాడు. దుర్గాప్రసాద్ కూడా నమ్మాడు. కాకపోతే శనివారం నాటికి ఆ పశువుల కొట్టంలో వాంతి చేసుకోకుండా నిలబడాలంటే ముక్కుకి రెండు రోజులైనా అలవాటు కావాలనుకున్నాడు. అందుకని గురువారమే బయల్దేరాడు.

*

చిట్కుల్లో సంగమ్మ పొలం వెతకడానికి దారి అడగక్కర్లేకపోయింది. ఒక పక్క కార్మికుల అద్దె గదుల వరస, ఇంకో పక్క ఫ్యాక్టరీ ప్రహరీ, మధ్యలో ఎకరంన్నర పచ్చగడ్డి. ప్రహరీ కింద నుంచి పసుపురంగు నీళ్ళు సన్నగా కారుతున్నాయి. దాని ఒడ్డున గడ్డి కూడా మొలవలేదు. అది చూసి దుర్గాప్రసాద్ ఉమ్మేశాడు, తర్వాత ఉమ్మినందుకు తన మీద తనే విసుక్కున్నాడు.

సంగమ్మ కొట్టం ముందు పేడనీళ్ళు కలుపుతోంది. అరవై దాటిన మనిషి, మోచేతుల దాకా పేడ.

"ఏం బిడ్డా, కొత్తగున్నవ్. పాతాయన ఏడవోయిండు?"

"సెలవు పెట్టాడు పెద్దమ్మా. ఆయన బదులు వచ్చాను."

ఆమె అతని చెవి మిషన్ చూసింది. "అయ్యో, గింత సిన్న వయసుల చెవుడా!" అంది, అప్పట్నుంచి గొంతు రెండింతలు చేసింది. వైర్‌లెస్ అవతలి కొసన పద్మావతి టీ ఒలకబోసుకున్న చప్పుడు వినిపించింది.

కొట్టం ముందు స్తంభానికి ఒక ఆంబోతు కట్టి ఉంది. పాలనురుగు తెలుపు, నిండు మూపురం, మెడకింద వేలాడే గంగడోలు. కుడిచెవికి పసుపు బిళ్ళ. చివర అంకెలు నాలుగు నాలుగు ఏడు ఒకటి. పశువులంటే గిట్టని దుర్గాప్రసాద్ కూడా ఒక్క అడుగు వెనక్కి వేసి చూశాడు.

"ఈడు దొర!" అరిచింది సంగమ్మ. "తల్లి ఈనంగనే సచ్చిపోయింది. సీసతోటి పాలు తాపి సాదిన. ఈని కోసం నీళ్ళ ట్యాంకర్ కొంట బిడ్డా, గా మురికి నీళ్ళు తాగనియ్య!"

కొట్టం వెనక పేడకుప్ప దగ్గర ఇంకో ఎద్దు ఉంది. బూడిదరంగు, బయటపడ్డ డొక్కలు. కుడిచెవి సగం కుళ్ళి ఊడిపోయింది. మిగిలిన సగం చుట్టూ ఈగలు ముసిరి, చీము ఎండి అట్టకట్టి ఉంది. దుర్గాప్రసాద్ ముఖం తిప్పుకున్నాడు.

"దానికేమైంది?"

"మా బూడిదోని సంగతి ఏం చెప్పాలె! గవర్మెంటోళ్ళొచ్చి ఈని చెవుకు బిళ్ళ కుట్టిన్రు. తోకెంట్రుకలు గూడ పీక్కపోయిన్రు. వారం తిరగంగనే చెవుల పురుగులు పడ్డయి. లుక్కలుక్క మెసలవట్టినయి. సూస్తే నాకే వాంతొచ్చింది. పురుగులేరి, బిళ్ళ కోసి తీసేసిన. లేకుంటే సచ్చిపోతుండె."

"ఆ బిళ్ళ పారేశారా?"

"పారేస్తే పశువుల సారు తిట్టడా! బిళ్ళ లేని గొడ్డుకు టీకా లేదంటడు, బీమా లేదంటడు. దొరకేమో బిళ్ళే లేకుండె. బిళ్ళలు కుట్టిన రోజు ఈన్ని మేపనీకి తోలుకపోయిన్రు. అందుకని దబ్బనంతోని పొడిచి, ఆ బిళ్ళ దొర చెవుకు తగిలిచ్చిన. ఉత్తగ ఎందుకు పోవాలె, నంబరే గద!"

దుర్గాప్రసాద్‌కి ఈగల మోత కూడా వినపడటం మానేసింది. యాభై వేల అక్షరాలు చదివిన యంత్రం తప్పు చెప్పలేదు. వెంట్రుక అబద్ధం ఆడలేదు. ఆ వెంట్రుక బూడిదోడిది. ఇప్పుడా నంబరు దొర చెవికి వేలాడుతోంది. ఈ జిల్లాలో మిగిలిన ఒకే ఒక్క కల్తీలేని ఆంబోతు పేడకుప్ప పక్కన చీముకారే చెవి విదిలించుకుంటోంది.

"పెద్దమ్మా, ఈ సంగతి ఇంకెవరికైనా తెలుసా?"

"ఎవరడిగిన్రు బిడ్డా? మొన్న మంగళారం గూడ గా మేడమొచ్చింది. నల్లద్దాలు, మల్లెపూల వాసన. కారు దిగలే, ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుంది. ఆమెతో ఒక ఎర్రమొకపోడొచ్చి, బిళ్ళ నంబరు సూసి, దొర దగ్గర వీర్యం తీసుకపోయిండు. మంచి దూడలు పుడ్తయన్నరు. ఇయ్యాల టీకా ఏస్తమని చెప్పిపోయిన్రు."

మంగళవారం తీశారు. ఈరోజు గురువారం. సరిగ్గా రెండో రోజు.

శనివారం అని చెప్పింది సత్యశ్రీ. లిస్టు పొక్కింది ఆమె చేతుల్లోంచే. విభాగం జీతం తింటూ, ఓరోమీట్ పని చేస్తోంది. దాబాలో తాను గుండెనిండా పీల్చిన ఆ సెంటు గుర్తొచ్చి దుర్గాప్రసాద్‌కి పేడకుప్ప కంటే ఎక్కువ రోత పుట్టింది.

కొట్టం మూలకి వెళ్ళి గొంతు తగ్గించాడు. "మేడమ్, విన్నారా?"

"ఊరంతా వినుంటుంది," అంది పద్మావతి. "మంచివార్తే. వాళ్ళు తప్పు ఎద్దు దగ్గర వీర్యం తీశారు. తప్పు ఎద్దునే చంపడానికి వస్తున్నారు. రానివ్వండి."

"వచ్చాక పట్టుకుందామా?"

"వద్దు. పని పూర్తి చేసుకోనివ్వండి. చంపితే సాక్ష్యం గట్టిపడుతుంది. అసలు ఎద్దు ఇంకోటుందని అనుమానం రాదు. ముత్తంగి దగ్గర హైవే మీద మన కార్లు పెట్టిస్తాను. క్యాన్లతో సహా అక్కడ పట్టుకుంటాం."

"దొర చస్తాడు."

"అది కల్తీ ఎద్దు ప్రసాద్. దాని విలువ సున్నా. మీరు గోపాలమిత్ర, అంతే. కదలొద్దు. ఇది ఆర్డర్."

రోడ్డు మీద వ్యాన్ ఆగింది.

*

వ్యాన్‌కి 'గాలికుంటు ఉచిత టీకా' అని బ్యానర్ కట్టి ఉంది. ముందు సీట్లోంచి తెల్లకోటు, మాస్కు వేసుకున్న పొడుగాటి విదేశీయుడు దిగాడు. ఓరోమీట్ పంపిన మనిషి, హెక్టర్. వెనకాలే రుమాలు ముక్కుకి అడ్డుపెట్టుకుని సత్యశ్రీ.

"ఇగో, మొన్నటి మేడమే!" అంది సంగమ్మ సంబరంగా. పేడ బకెట్ పక్కన పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని ఎదురెళ్ళింది.

సత్యశ్రీ దుర్గాప్రసాద్‌ని చూసింది. కంగారు పడలేదు. హ్యాండ్‌బ్యాగ్ తెరిచి చిన్న పిస్టల్ తీసి, సంగమ్మకి కనపడకుండా చీర కుచ్చిళ్ళ పక్కన పట్టుకుంది.

"శనివారం రమ్మన్నాను కదా ప్రసాద్ గారూ."

"ముందే వచ్చి వాసన అలవాటు చేసుకుందామనుకున్నాను."

"అయిందా?"

"పేడ వాసన అయింది. మీది కావడం లేదు."

ఆమె నవ్వింది. "గొడ్డు కోసం ప్రాణం పోగొట్టుకోకండి. అయిదు నిమిషాల్లో వెళ్ళిపోతాం."

హెక్టర్ దొర చెవి పట్టుకుని బిళ్ళ మీద అంకెలు ఒక్కొక్కటే గొణుక్కుంటూ చదివాడు. ఫోన్లో లిస్టుతో సరిచూసుకున్నాడు. తృప్తిగా తలూపి, సంచీలోంచి లావుపాటి సిరంజి తీశాడు. కొట్టం వెనక బూడిదోడు ఒకసారి దగ్గినట్టు రొప్పాడు. హెక్టర్ అటు తిరిగి, ఆ చెవి చూసి మొహం చిట్లించి ఇటు తిరిగాడు. సముద్రాలు దాటి ఏ రక్తం కోసం వచ్చాడో అది పది గజాల్లో ఉంది. దాన్ని చూసి వాడికి రోత పుట్టింది.

దుర్గాప్రసాద్ చేతిలో స్టీలు గొట్టం ఉంది. చెవిలో పద్మావతి గొంతు నెమ్మదిగా అంటోంది: "పొడవనివ్వండి. కదలొద్దు."

సంగమ్మ దొర ముక్కుతాడు బిగించి పట్టుకుంది. ఇంకో చేత్తో గంగడోలు గోకుతోంది. "ఓర్సుకో నా కొడుకా. సీమ కుట్టినట్టే ఉంటది. పానానికి మంచిది. మీద చెయ్యేసి నేనున్న గద."

ఆ మాట వినగానే దుర్గాప్రసాద్‌కి లోపల ఏదో తెగింది. తన బిడ్డని తనే కదలకుండా పట్టుకుని చంపించుకుంటోంది ఆ మనిషి. ఆ సంగతి తెలిసిన ముగ్గురు ఇక్కడ నిలబడి చూస్తున్నారు. వాళ్ళు లాభం కోసం. తను ఆర్డర్ కోసం. తనకీ వాళ్ళకీ మధ్య ఏమన్నా తేడా ఉందా అని వెతుక్కుంటే, వేసుకున్న వేషం తప్ప ఏమీ దొరకలేదు. ఛీ అనిపించింది. ప్రహరీ కింద ఆ పసుపు నీళ్ళు చూసినప్పుడు కూడా అంత అనిపించలేదు.

"పెద్దమ్మా! అది టీకా కాదు! విషం!"

సత్యశ్రీ చెయ్యి పైకి లేచింది. "ఇంకో మాట మాట్లాడితే కాల్చేస్తాను!"

సంగమ్మ ఒక్క క్షణం ముగ్గుర్నీ చూసింది. తుపాకీ చూసింది, సూది చూసింది. నర్సన్న ఎద్దు సంగతి ఆమెకి అప్పటికే చేరి ఉండాలి. ముక్కుతాడు వదిలి, వంగి, పేడనీళ్ళ బకెట్ రెండు చేతులా ఎత్తి సత్యశ్రీ ముఖాన కొట్టింది.

నీలం చీర, ముత్యాలు, మల్లెపూల సెంటు, అన్నీ ఒక్క బకెట్‌లో కొట్టుకుపోయాయి. పిస్టల్ పేలి రేకుల కప్పుకి చిల్లు పడింది. సత్యశ్రీ ఊపిరాడక వంగిపోయింది. దొర అదిరి పక్కకి తూలాడు. హెక్టర్ వదల్లేదు. తోక పక్కకి లాగి సూది దించబోయాడు. సూది మొన తోలు మీద ఒక వెంట్రుకని వంచింది.

దుర్గాప్రసాద్ గొట్టం వెనక మీట నొక్కాడు.

మత్తుసూది హెక్టర్ మెడలో దిగింది. వాడు ఆశ్చర్యంగా ఒక మాట అని, కాళ్ళు మడిచి, మూత్రం పోయే కాలవలో బోర్లా పడ్డాడు. సిరంజి పగిలి విషం ఎండుగడ్డి మీద ఒలికింది. దాని మీద వాలిన ఈగలు మళ్ళీ లేవలేదు.

పిస్టల్ దుర్గాప్రసాద్ తీసుకున్నాడు. పేడలో చెయ్యిపెట్టి మరీ తీసుకున్నాడు. సత్యశ్రీ కళ్ళు తుడుచుకుంటూ, "పిచ్చివాడివి. ఈ ఎద్దు పోయినా నీ కొలువు ఉండేది," అంది.

"ఇది మీ లిస్టులో ఎద్దు కాదండీ. మీరు వెంట్రుకలు పీకించింది అదిగో, దాన్ని. బిళ్ళ మారింది."

ఆమె పేడకుప్ప వైపు చూసింది. ఈగలు ముసిరిన ఆ సగం చెవిని చాలాసేపు చూసింది. మూడు వేల పశువుల్లో ఏరి తీసిన చుక్క అది. "ఇదా?" అని మాత్రం అంది. తర్వాత నిజంగానే వాంతి చేసుకుంది.

చెవిలో పద్మావతి గొంతు గట్టిగా వినిపించింది. "ప్రసాద్! ఆర్డర్ వినపడలేదా?"

"వినపడింది మేడమ్. అందుకే ఆగలేకపోయాను."

పద్మావతి వ్యాన్‌లో క్యాన్లున్నాయేమో చూడమంది. రెండున్నాయి. మూత తీస్తే తెల్లటి ఆవిరి పొంగింది. ఒకదాని మీద నర్సన్న ఎద్దు నంబరు, ఇంకోదాని మీద నాలుగు నాలుగు ఏడు ఒకటి. సాయంత్రం విమానానికి వాటి టికెట్లు సిద్ధంగా ఉన్నాయి.

సంగమ్మ దొర మెడ కావలించుకుని ఏడుస్తోంది. ఏడుస్తూనే హెక్టర్‌ని కాలితో ఒక తన్ను తన్నింది.

*

దుర్గాప్రసాద్‌కి మెమో వచ్చింది. ఆజ్ఞోల్లంఘన, ఆపరేషన్‌కి ప్రమాదం, విభాగపు పరికరం పేడలో పాడుచేయడం. మూడింటికీ కలిపి ఒకే కాగితం మీద సమాధానం రాసిచ్చాడు. నర్సన్న ఎద్దు వీర్యం మన పశువుల కేంద్రానికి చేరింది. బూడిదోడిని తోలుకుపోవడానికి పెద్ద సార్లు లారీతో వచ్చారు. సంగమ్మ కొట్టం ముందు అడ్డంగా కూర్చుంది. "ఏం కావాలన్నా ఈడికే వచ్చి తీసుకపోండ్రి. ఎద్దును మాత్రం ఇయ్య. ఒక్క బిళ్ళ కుట్టి చెవు తిన్నరు, తోలుకపోతే ఏం మిగుల్తది?" అంది. చివరికి డాక్టరే వారం వారం వచ్చి చెవికి మందు రాయడానికి ఒప్పుకున్నాడు.

మూడు వారాల తర్వాత ఇంకో ల్యాబ్ నుంచి దొర రిపోర్టు వచ్చింది. అది చదివి వినిపించడానికి దుర్గాప్రసాద్ తనే చిట్కుల్ వెళ్ళాడు. ఈసారి వేషం లేదు, చెవి మిషన్ లేదు. అయినా సంగమ్మ అలవాటుకొద్దీ అరిచింది.

"ఏమొచ్చింది బిడ్డా మా దొరకు?"

"నూటికి ఎనభై ఎనిమిది పాళ్ళు ఒంగోలే పెద్దమ్మా. మిగతా పన్నెండు పాళ్ళు విదేశీ ఆవుల రక్తం. తల్లి మనదే. తండ్రే ఇక్కడివాడు కాదు. ఎప్పుడో వీడి తల్లికి ఎవరో విదేశం నుంచి వచ్చిన గడ్డకట్టిన వీర్యం ఎక్కించారు. అదెవరిదా అని సత్యశ్రీ ల్యాప్‌టాప్‌లో ఉన్న ఓరోమీట్ లెక్కలతో పోల్చి చూశారు. సరిపోయింది."

"సమజు కాలే. జెర నిమ్మలంగ చెప్పు."

"ఆ కంపెనీ వాళ్ళ ముసలి ఆంబోతే దొరకి నాన్న. దాని తాతముత్తాతలు ఇక్కణ్ణించే ఓడలెక్కాయి. అందుకే వీడు చూడ్డానికి అచ్చం ఒంగోలులా ఉంటాడు. ఆ రోజు హెక్టర్ దొంగతనంగా తీసుకున్నది వాళ్ళ రక్తమే. చంపబోయింది వాళ్ళ ఎద్దు కొడుకునే. జైల్లో ఈ సంగతి చెప్తే వాడు రెండు రోజులు అన్నం ముట్టలేదట."

సంగమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని దొరని ఎగాదిగా చూసింది. దొర ముందు పచ్చగడ్డి మోపు అలాగే పడి ఉంది. వాడు దాన్ని ముట్టకుండా ఆమె చేతులకేసి చూసి ఒక అరుపు అరిచాడు.

"గిందుకా!" అంది సంగమ్మ అసహ్యంగా. "గడ్డేస్తే మూతి తిప్పుతడు. దాణా పెట్టేదాక కొట్టం పీకి పందిరేస్తడు. నా ఇంట్ల ఎవలకూ గిసొంటి బుద్ధి లేదు, ఈనికి ఏడికెల్లొచ్చిందా అని పరేషానైతుంటి. ఫారినోని కొడుకన్నట్టు! థూ!"

ఉమ్మేసి లోపలికి వెళ్ళింది. ఆ పెంకితనం ఏ అక్షరంలో ఉందో ఏ ల్యాబూ చెప్పలేదు కాబట్టి దుర్గాప్రసాద్ ఆమె మాటకి ఎదురు చెప్పలేదు. కాసేపటికి సంగమ్మ తట్టెడు తవుడు, పల్లిచెక్క కలిపి, పైన ఇంత బెల్లం చిదిపి తెచ్చింది. ఇంకా తిడుతూనే దొర మూతి కింద పెట్టింది.